పదహారు గడుల్లో ఒగ్గు డోలు పడుతుందా?

వేదిక మీద మోగుతున్న శబ్దాన్ని అక్కడికక్కడే పట్టుకుని, తాళంలో అమర్చి తిరిగి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని లైవ్ శాంప్లింగ్ స్టెప్ సీక్వెన్సర్ అంటారు. సంగీతమంటే ఇష్టం, కోడింగ్ మీద కాస్త పట్టు ఉన్న విద్యార్థులకు ఇంతకంటే మంచి ఫైనలియర్ ప్రాజెక్టు దొరకడం కష్టం.

మీ రెజ్యూమెలో 'ప్రాజెక్ట్స్' అన్న చోట ఏం రాశారు? లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమా? ముఖం చూసి హాజరు వేసే యాపా? అందులో తప్పేమీ లేదు. కాకపోతే మీ ముందు బెంచీ, వెనక బెంచీ వాళ్లు కూడా అదే రాశారు. ఇంటర్వ్యూ చేసే మనిషి ఆ పేరు అప్పటికే చాలాసార్లు చదివి ఉంటారు. కన్ను కింది లైనుకు జారిపోతుంది.

పక్కవాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఏముందో ఒకసారి చూసుకోండి. జనగామ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఆ జవాబు చెవుల్లోనే ఉంది. ఒగ్గు కథను దేశమంతా వినిపించి, సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న చుక్క సత్తయ్యది లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం. 2024లో పద్మశ్రీ పొందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలకు మోగే డోలు, తాళాలు, నఫీరి, జగ్గు మీకు కొత్త కాదు. ఏ దెబ్బ ఎక్కడ పడాలో మీ కాలికి తెలుసు. ఆ తెలివిడికి సీ ప్లస్ ప్లస్ తోడైతే ఏమవుతుందో చూద్దాం.

అసలు ఇదేం పరికరం?

ముందు 'స్టెప్ సీక్వెన్సర్' సంగతి. ఒక వరుసలో 16 గడులు గీసినట్టు ఊహించుకోండి. ఒక చుక్క ఎడమ నుంచి కుడికి గడి వెంట గడి నడుస్తూ పోతుంది. మీరు ఏ గడి వెలిగిస్తే అక్కడ శబ్దం మోగుతుంది. చివరికి చేరగానే మళ్లీ మొదటికి వస్తుంది. వరుసకో వాద్యం చొప్పున నాలుగైదు వరుసలు పెడితే దరువు తయారైనట్టే. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808లో ఈ 16 బటన్లు ముందు భాగంలోనే బారుగా ఉంటాయి. ఎఫ్ఎల్ స్టూడియో వాడినవాళ్లకు ఇదే సంగతి తెర మీద కనిపిస్తుంది.

ఆ 808లో శబ్దాలన్నీ ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు పుట్టించినవే. మనకు నచ్చిన శబ్దాన్ని రికార్డు చేసి వాయించుకునే పద్ధతిని శాంప్లింగ్ అంటారు. రోజర్ లిన్ రూపకల్పన చేయగా అకాయ్ సంస్థ 1988లో తెచ్చిన ఎంపీసీ 60 శాంప్లింగ్‌నూ సీక్వెన్సర్‌నూ ఒకే పెట్టెలో కలిపింది. అందులో పట్టే శబ్దం సుమారు 13 సెకన్లే. ఇప్పుడు మీ చేతిలోని మామూలు ఫోన్‌కు అది లెక్కలోకే రాదు.

మూడో మాట 'ప్లగిన్'. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. ఒక పెద్ద సంగీత సాఫ్ట్‌వేర్ లోపల వేరేవాళ్లు రాసిన చిన్న సాఫ్ట్‌వేర్‌ను తగిలించుకునే ఏర్పాటు అది. తగిలించుకునే పెద్దదాన్ని హోస్ట్ అంటారు. రీపర్, ఏబుల్టన్ లైవ్, క్యూబేస్ లాంటివన్నీ హోస్టులే.

ఈ మూడింటినీ కలిపి, 'లైవ్' అనే మాట ముందు చేర్చండి. కళాకారుడు వాయిస్తూ ఉండగానే శబ్దం పట్టాలి. మరుక్షణం అది గడుల్లోకి ఎక్కి మోగాలి. పొరపాటు జరిగితే జనం ముందే జరుగుతుంది, వెనక్కి తీసుకునే వీలుండదు. ఈ ప్రాజెక్టు కష్టమంతా అక్కడే ఉంది, ఇంటర్వ్యూలో చెప్పుకునే విలువా అక్కడే ఉంది.

16 ఎవరి లెక్క?

నాలుగు బీట్లు, ఒక్కో బీటుకు నాలుగు ముక్కలు. మొత్తం 16. పాశ్చాత్య డ్యాన్స్ సంగీతానికి ఇది సరిపోతుంది. మన దగ్గర చతురశ్రం ఒక్కటే లేదు కదా. తిశ్రం 3, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. జానపదంలో తిశ్ర నడక ఎంతగా వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ దరువును 16 గడుల్లో కుక్కితే చాలా దెబ్బలు తమ చోట పడవు. వినేవాడికి కారణం తెలియకపోవచ్చు, కానీ కాలు కదలదు.

అందుకే డిజైన్‌లో మొదటి నిర్ణయం ఇది: 16 అనే అంకెను కోడ్‌లో ఎక్కడా పాతిపెట్టకండి. వరుసకు ఎన్ని గడులు, బీటుకు ఎన్ని ముక్కలు అనే రెండు విషయాలను ప్రతి వరుసకూ విడివిడిగా మార్చుకునేలా పెట్టండి. అప్పుడు డోలు వరుసకు 12 గడులు, తాళాల వరుసకు 7 గడులు పెట్టుకోవచ్చు.

దీంతో ఒక తమాషా కూడా పుడుతుంది. ఒకే వేగంతో నడిచే గడుల్లో 16 గడుల వరుస, 7 గడుల వరుస కలిసి మొదలైతే మళ్లీ రెండూ ఒకేసారి మొదటి గడికి వచ్చేది 112 గడుల తర్వాతే. స్కూల్లో నేర్చుకున్న కసాగు ఇక్కడ పనికొచ్చింది. అంతసేపూ దరువు ప్రతి ఆవృత్తంలో కొంచెం కొత్తగా వినిపిస్తుంది. మృదంగం, కంజీర వాయించేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో మాత్రం ఇది లోపలి మెనూలో ఎక్కడో దాక్కుని ఉంటుంది. మీరు దాన్ని ముఖం మీదకు తెస్తే, 'నీ ప్రాజెక్టులో కొత్తేముంది?' అనే ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

దెబ్బ పడ్డాక బటన్ నొక్కితే చాలు

మంచి దెబ్బ పడబోతోందని ముందే ఎవరికి తెలుస్తుంది? విన్నాకే 'అబ్బ, ఇది పట్టుకోవాల్సింది' అనిపిస్తుంది. రికార్డ్ బటన్ నొక్కేసరికి అది అయిపోతుంది. కాబట్టి ప్లగిన్ ఎప్పుడూ రికార్డు చేస్తూనే ఉండాలి. మీరు బటన్ నొక్కినప్పుడు వెనక్కి వెళ్లి తెచ్చుకోవాలి.

దీనికి వాడేది రింగ్ బఫర్. బావిలో గిలక చుట్టూ తిరిగే తాడులా మెమరీని గుండ్రంగా అనుకోండి. రాసే చోటు ముందుకు జరుగుతూ, చివరికి చేరగానే మొదటికి వచ్చి పాతదాని మీదే రాస్తుంది. ఎంత మెమరీ కావాలి? సెకనుకు 48,000 కొలతలు, రెండు ఛానళ్లు, ఒక్కో కొలతకు 4 బైట్లు. అంటే సెకనుకు 3,84,000 బైట్లు. 16 సెకన్లు దాచుకోవాలంటే 6 ఎంబీ చాలు. కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ కూడా నవ్వుతూ మోస్తుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. ఆడియోలో 'శాంపిల్' అనే పదానికి రెండర్థాలు. సెకనుకు 48,000 సార్లు తీసే ఒక్కో కొలతనూ శాంపిల్ అంటారు, పట్టుకున్న డోలు దెబ్బ మొత్తాన్నీ శాంపిల్ అంటారు. మీ రిపోర్టులో మొదటిదాన్ని 'కొలత' అనో, రెండోదాన్ని 'క్లిప్' అనో ఒకే పేరుకు కట్టుబడండి. లేకపోతే వైవాలో మీరే తికమకపడతారు.

బటన్ నొక్కే మనిషి అర సెకను ఆలస్యంగా నొక్కవచ్చు. అందుకే నొక్కిన చోటు నుంచి వెనక్కి వెతుకుతూ, శబ్దం ఒక్కసారిగా లేచిన చోటు పట్టుకోవాలి. దాన్ని ఆన్‌సెట్ డిటెక్షన్ అంటారు. డోలు లాంటి వాద్యానికి ఇది తేలికే. వరుస కొలతల శక్తిని లెక్కగట్టి, ఎక్కడ అకస్మాత్తుగా పెరిగిందో చూస్తే చాలు. అక్కడి నుంచి 2, 3 మిల్లీసెకన్లు వెనక్కి కోస్తే దెబ్బ మొదలు తెగదు. నఫీరి ఊపిరితో సాగే వాద్యం, దాని స్వరం ఎక్కడ మొదలైందో చెప్పడం అంత సులువు కాదు. మొదటి వెర్షన్‌లో దాని జోలికి పోకండి.

పట్టిన క్లిప్‌ను రింగ్ నుంచి వేరే చోటికి కాపీ చేయాలి. తొందరేం లేదు. చివరి 2 సెకన్లే కావాలంటే, దాని మీద మళ్లీ రాత పడటానికి ఇంకా 14 సెకన్లు ఉంది. ఆ పనిని ఆడియోకు సంబంధం లేని మరో థ్రెడ్‌కు అప్పగించవచ్చు. ఎందుకు అప్పగించాలో కాసేపట్లో చెప్పుకుందాం.

ఒక్క గడి ఎక్కడ పడాలి?

120 బీపీఎం వేగంలో ఒక బీటు అర సెకను. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో గడి 0.125 సెకను, అంటే 6,000 కొలతలు. మూడు ముక్కలు చేస్తే 8,000. ఇంతవరకు లెక్క శుభ్రంగా ఉంది.

హోస్ట్ మాత్రం ఆడియోను కొలత కొలతగా ఇవ్వదు. బస్తాలుగా ఇస్తుంది. ఆ బస్తాను బఫర్ లేదా బ్లాక్ అంటారు. బ్లాక్‌లో 256 కొలతలు ఉన్నాయనుకోండి. 6,000వ స్థానం 24వ బ్లాక్ లోపల, 112 కొలతల తర్వాత వస్తుంది. కొత్తగా రాసేవాళ్లు బ్లాక్ మొదట్లోనే శబ్దం మోగిస్తారు. అంటే 2 మిల్లీసెకన్లకు పైగా ముందే మోగింది. 'అంతే కదా' అనుకోవద్దు. బ్లాక్ 1,024 ఉంటే ఆ తేడా 21 మిల్లీసెకన్ల దాకా పోతుంది, పైగా గడి గడికీ మారుతుంది. దరువు కుంటుతుంది. కాబట్టి బ్లాక్ లోపల సరిగ్గా ఎన్నో కొలత దగ్గర మోగాలో లెక్కగట్టి, అక్కడి నుంచే రాయాలి.

మరో ఉచ్చు ఉంది. వేగం 130 బీపీఎం అయితే గడి పొడవు 5,538.46 కొలతలు. దశాంశం కొట్టేసి 5,538 అనుకుని కూడుకుంటూ పోతే? ఒక్కో గడికి అర కొలత కూడా తేడా లేదు. కానీ పది నిమిషాల్లో 5,200 గడులు నడుస్తాయి. అప్పటికి తేడా 2,400 కొలతలు, అంటే 50 మిల్లీసెకన్లు. డోలు ఒకచోట, మీ ప్లగిన్ మరోచోట. అందుకే కూడుకుంటూ పోవద్దు. ప్రతి బ్లాక్‌లోనూ హోస్ట్ తాను ఎన్నో బీటులో ఉందో చెబుతుంది. ఆ స్థానం నుంచే ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టండి. అప్పుడు తప్పు పేరుకుపోదు. వాయించేవాళ్లు పాటను మధ్యలోకి జరిపినా గడి సరిగ్గా దొరుకుతుంది.

ఆడియో థ్రెడ్ నియమాలు

256 కొలతల బ్లాక్ అంటే మీకున్న సమయం 5.3 మిల్లీసెకన్లు. ఆలోగా లెక్కంతా ముగించి ఇవ్వాలి. అదీ హోస్ట్, మిగతా ప్లగిన్లతో పంచుకుంటూ. ఒక్కసారి ఆలస్యమైతే స్పీకర్‌లో 'టప్'. వెబ్‌సైట్ అర సెకను నెమ్మదిస్తే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఊరంతా వింటుంది.

కాబట్టి ఆ దారిలో ఎంతసేపు పడుతుందో హామీ లేని పని ఏదీ పెట్టకూడదు. కొత్తగా మెమరీ అడగొద్దు, కావాల్సిందంతా మొదట్లోనే తీసిపెట్టుకోండి. ఫైలు తెరవొద్దు. తెర మీద బొమ్మ గీయొద్దు. మ్యూటెక్స్ తాళం కోసం ఆగొద్దు. ఆ తాళం తక్కువ ప్రాధాన్యమున్న థ్రెడ్ చేతిలో ఉంటే, అది వదిలేదాకా ఆడియో ఆగిపోవాల్సి వస్తుంది. థ్రెడ్ల మధ్య మాటలకు అటామిక్ వేరియబుల్స్, లాక్ లేని క్యూలు వాడండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో 'ప్రయారిటీ ఇన్వర్షన్' చదివి మార్కులు తెచ్చుకున్నారు కదా, అది ఎందుకు చదివారో ఇక్కడ చెవికి తెలుస్తుంది. ఈ విషయం మీద రాస్ బెన్సినా 2011లో రాసిన 'టైమ్ వెయిట్స్ ఫర్ నథింగ్' వ్యాసం తప్పక చదవండి. ఈ రంగంలో అందరూ చూపించే మొదటి పాఠం అదే.

టప్ చప్పుడు, మైకు కూత

క్లిప్‌ను నడిమధ్యలో కోస్తే అలలు ఒక్కసారిగా తెగి 'టిక్' మంటుంది. మొదట్లో, చివర్లో చిన్న ఫేడ్ పెట్టాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 5 మిల్లీసెకన్ల ఫేడ్ అంటే 240 కొలతలు. డోలు దెబ్బ పదును పోకుండా ఉండాలంటే మొదటి ఫేడ్ ఇంకా చిన్నదిగా, చివరి ఫేడ్ పొడవుగా పెట్టండి. ఒక క్లిప్ మోగుతుండగానే అదే క్లిప్ మళ్లీ మొదలవ్వాల్సి వస్తే పాతదాన్ని వెంటనే నరికేయకుండా, ఫేడ్ చేసి కొత్తదానికి చోటివ్వాలి.

దీనికంటే పెద్ద తలనొప్పి వేదిక మీద ఎదురవుతుంది. స్పీకర్‌లో మోగే క్లిప్‌ను మైకు మళ్లీ వింటుంది. అది మళ్లీ రింగ్ బఫర్‌లోకి పోతుంది. అలా తిరిగి తిరిగి చివరికి మైకు కుయ్యోమంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే దీన్ని పూర్తిగా ఆపలేదు. మైకును వాద్యానికి బాగా దగ్గరగా పెట్టాలి. వీలైతే వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు వాడాలి. స్పీకర్లు మైకుకు ముందు ఉండాలి. ప్లగిన్ వైపు నుంచి నాయిస్ గేట్, పట్టే ముందు స్థాయి చూపించే మీటరు ఇవ్వగలరు. సౌండ్ సిస్టమ్ నడిపే అన్నతో ఒక సాయంత్రం కూర్చోండి. పుస్తకాల్లో దొరకని సంగతులు నాలుగు తెలుస్తాయి.

వాయించేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు

చాలా ప్రాజెక్టులు ఇక్కడే బోల్తా పడతాయి. తెర నిండా 40 మీటలు పెట్టేసి 'చూడండి ఎన్ని ఫీచర్లో' అంటాం. డోలు మెడకు తగిలించుకున్న మనిషి మౌసు ఎలా పట్టుకుంటారు? రెండు దారులున్నాయి. కాలితో నొక్కే మిడి పెడల్ ఒకటి. లేదంటే బృందంలో ఇంకొకరు ప్లగిన్‌ను వాద్యంలా వాయించడం. ఒగ్గు కథలో ప్రధాన కథకుడికి పక్కన వంత పాడేవాళ్లు ఉంటారు. మీ ప్లగిన్ కూడా ఒక వంతే అనుకోండి. కథను అది నడపకూడదు, కథకుడి వెంట నడవాలి.

అసలైన పరీక్ష వేగం దగ్గర ఎదురవుతుంది. మనుషులు వాయించే దరువు గడియారంలా ఒకే వేగంతో పోదు. కథ వేడెక్కితే దరువూ వేడెక్కుతుంది. హోస్ట్ మాత్రం పెట్టిన వేగం దగ్గరే కూర్చుంటుంది, దాన్ని మార్చే అధికారం సాధారణంగా ప్లగిన్‌కు ఉండదు. అందువల్ల హోస్ట్ గడియారం కాకుండా మీ సొంత గడియారంతో నడిచే రెండో పద్ధతి కూడా పెట్టండి. పెడల్ మీద తాళం వేస్తే వేగం దొరకాలి. నాలుగు తట్లు, మధ్యలో మూడు విరామాలు: 0.50, 0.48, 0.46 సెకన్లు. సగటు 0.48. అంటే 125 బీపీఎం. కొత్త వేగానికి ఒక్కసారిగా దూకకుండా రెండు మూడు బీట్లలో మెల్లగా చేరితే వినడానికి బాగుంటుంది.

తెర మీద మూడు విషయాలే పెద్దగా కనిపించాలి. ఇప్పుడు ఏ గడి నడుస్తోంది, పట్టు సిద్ధంగా ఉందా, ఏ వరుసలో ఏ క్లిప్ ఉంది. మీటరు దూరం నుంచి, ఎండలో కూడా కనిపించేలా ఉండాలి. మిగతావన్నీ రెండో పేజీకి పంపండి.

ఆ శబ్దం ఎవరిది?

ఇది కోడ్‌కు సంబంధించింది కాదు, కానీ వదిలేస్తే ప్రాజెక్టు మొత్తం వంకర పోతుంది. మల్లన్న కథ తరతరాలది కావచ్చు. ఆ రోజు ఆ డోలు వాయించింది మాత్రం ఒక మనిషి. మన కాపీరైట్ చట్టం, 1957లోని 38వ సెక్షన్ ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద హక్కునిచ్చింది. అది ప్రదర్శన జరిగిన తర్వాతి సంవత్సరం నుంచి 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో వచ్చిన 38ఏ సెక్షన్ ప్రకారం తమ ప్రదర్శనను రికార్డు చేయనివ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఫోన్ తీసి రికార్డు చేసి, ప్లగిన్‌తో పాటు శాంపిల్ ప్యాక్‌గా నెట్‌లో పెట్టేస్తే చెల్లదు. ముందుగా అడగాలి. ఏం చేయబోతున్నారో తెలుగులో, అర్థమయ్యేలా ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. కాలేజీ ప్రాజెక్టు వరకే వాడతారా, అమ్మకానికి పెడతారా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. ఒక పూట వాళ్ల సమయం తీసుకున్నందుకు డబ్బు ఇవ్వాలి. ఎక్కడ వాడినా పేరు వేయాలి. మెషిన్ వస్తే మా డోలు ఎవరు పిలుస్తారన్న భయం వాళ్లకు ఉండటం సహజం. లైవ్ శాంప్లింగ్ గొప్పతనం ఇక్కడ పనికొస్తుంది. మనిషి వేదిక మీద వాయిస్తేనే ఈ ప్లగిన్‌లో శబ్దం ఉంటుంది. డిఫాల్ట్‌గా ఏ శబ్దమూ పెట్టకుండా, ఖాళీ గడులతో తెరుచుకునేలా చేయండి. అది కూడా ఒక డిజైన్ నిర్ణయమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సీ ప్లస్ ప్లస్ రాకపోయినా మొదటి అడుగు వేయొచ్చు. రీపర్‌లో జేఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న స్క్రిప్టు భాష ఉంది. రాసి సేవ్ చేయగానే మోగుతుంది. మిల్లర్ పకెట్ తయారుచేసిన ప్యూర్ డేటాలో డబ్బాలను గీతలతో కలిపితే చాలు. ఆలోచన పనిచేస్తుందో లేదో వీటితో వారంలో తేల్చుకోండి.

అసలు ప్లగిన్‌కు ఎక్కువ మంది వాడేది జ్యూస్ అనే సీ ప్లస్ ప్లస్ ఫ్రేమ్‌వర్క్. 2004 నుంచి ఉంది. ఒకే కోడ్‌తో విండోస్, మ్యాక్, లినక్స్‌లకు ప్లగిన్లు తీయొచ్చు. మీ కోడ్‌ను బయటపెట్టేట్టయితే ఏజీపీఎల్ లైసెన్స్ కింద వాడుకోవచ్చు. లైసెన్స్ షరతులు చదివాకే మొదలుపెట్టండి. పన్నెండు వారాలు ఇలా పంచుకోవచ్చు.

1 నుంచి 3 వారాలు: సీ ప్లస్ ప్లస్‌లో పాయింటర్లు, క్లాసులు, వెక్టర్లు, అటామిక్స్. పక్కనే శాంప్లింగ్ సిద్ధాంతం. ఈసీఈ వాళ్లకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పాఠం ఉండనే ఉంది. మిగతావాళ్లకు ఎన్‌పీటెల్ పాఠాలు, నెట్‌లో ఉచితంగా దొరికే స్టీవెన్ స్మిత్ డీఎస్పీ పుస్తకం చాలు.

4, 5 వారాలు: శబ్దాన్ని పెంచి తగ్గించే చిన్న ప్లగిన్. నవ్వుకోకండి, హోస్ట్‌లో మీ మొదటి ప్లగిన్ తెరుచుకోవడానికే రెండు రోజులు పట్టవచ్చు.

6, 7 వారాలు: రింగ్ బఫర్, పట్టు బటన్, ఆన్‌సెట్.

8, 9 వారాలు: గడుల లెక్క, ఫేడ్లు, వరుసకో పొడవు.

10వ వారం: సేవ్ చేసి మూసి తెరిస్తే క్లిప్పులు మళ్లీ రావాలి. రెండేసి సెకన్ల క్లిప్పులు 8 ఉంటే అదో 6 ఎంబీ. ప్రాజెక్టు ఫైలులోనే దాచుకోవచ్చు.

11వ వారం: పరీక్షలు. ట్రాక్షన్ సంస్థ ఉచితంగా ఇచ్చే ప్లగిన్‌వాల్ నడపండి. బ్లాక్ సైజులు, శాంపిల్ రేట్లు మార్చి మార్చి చూస్తుంది. వేరే హోస్టుల్లో, స్నేహితుల ల్యాప్‌టాపుల్లో కూడా తెరవండి.

12వ వారం: నిజమైన డోలుతో, నిజమైన స్పీకర్లతో అరగంట. మూడు నిమిషాల వీడియో తీయండి.

విండోస్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంటే ఆసియో డ్రైవర్ వాడాలి. ల్యాప్‌టాప్ మైకుతో సరిపెట్టుకోకుండా, ఒక మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు నలుగురు కలిసి కొనుక్కోండి లేదా సౌండ్ షాపులో అద్దెకు అడగండి.

ఉద్యోగం వస్తుందా?

సూటిగా చెప్పుకుందాం. జనగామలోనో హైదరాబాద్‌లోనో 'ప్లగిన్ డెవలపర్ కావలెను' అనే ప్రకటన కనిపించడం అరుదు. సంగీత ప్లగిన్లు చేసే కంపెనీలు ఎక్కువగా అమెరికా, యూరప్‌లలో ఉన్నాయి. కొన్ని ఇంటి నుంచి పనిచేసేవాళ్లను తీసుకుంటాయి, కానీ అనుభవం అడుగుతాయి.

అయితే ఈ ప్రాజెక్టులో నేర్చుకున్నది సంగీతంతో ఆగిపోదు. ఫోన్‌లో మాట స్పష్టంగా వినిపించడం, వీడియో కాల్‌లో ప్రతిధ్వని పోవడం, కారులో స్పీకర్లు, వినికిడి యంత్రాలు, గేమ్‌లలో శబ్దం, వీటన్నింటి వెనకా ఉన్నది ఇదే రింగ్ బఫర్, ఇదే గడువు, ఇదే థ్రెడ్ల క్రమశిక్షణ. క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. గేమ్‌ల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కూడా అక్కడే ఉంది. డాల్బీ, హర్మన్‌లకు బెంగళూరులో కార్యాలయాలున్నాయి. డీఎస్పీ ఇంజినీర్, ఆడియో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఎంబెడెడ్ ఆడియో, గేమ్ ఆడియో ప్రోగ్రామర్ అనే పేర్లతో వెతకండి. గేమ్‌ల వైపు వెళ్లాలంటే వైజ్, ఎఫ్‌మాడ్ అనే టూల్స్ కూడా తెలిసి ఉండాలి.

అనుభవం లేదన్న లోటు తీర్చడానికి ఓపెన్ సోర్స్ మంచి దారి. డీజేల కోసం చేసిన మిక్స్, సింథసైజర్ సర్జ్ ఎక్స్‌టీ, రికార్డింగ్‌కు ఆడాసిటీ, వీటి కోడ్ అందరికీ తెరిచే ఉంది. మొదట చదవండి. తర్వాత చిన్న తప్పు ఒకటి సరిదిద్ది పంపండి. మీ పేరుతో అంగీకరించిన ఒక్క మార్పు పది సర్టిఫికెట్ల కంటే గట్టిగా మాట్లాడుతుంది. ఏటా జరిగే ఆడియో డెవలపర్ కాన్ఫరెన్స్ ప్రసంగాలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. వారానికి ఒకటి చూడండి.

ఇంటర్వ్యూలో ఇవి అడిగే అవకాశం ఉంది. ఆడియో థ్రెడ్‌లో మెమరీ ఎందుకు అడగకూడదు? రింగ్ బఫర్‌లో రాసేవాడు చదివేవాడిని దాటిపోతే ఏం చేస్తారు? బ్లాక్ సైజు మధ్యలో మారితే మీ కోడ్ ఏమవుతుంది? గడి కాలం ఎలా లెక్కగట్టారు? సొంతంగా చేసినవాళ్లకు ఇవి ప్రశ్నలే కాదు, గుర్తు తెచ్చుకోవడమే. కాపీ కొట్టినవాళ్లు మాత్రం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

రెజ్యూమెలో ఎలా రాయాలి? 'మ్యూజిక్ ప్రాజెక్ట్' అని వదిలేయకండి. 'కళాకారుడు వాయిస్తుండగా శబ్దాన్ని పట్టి, తిశ్ర, ఖండ, మిశ్ర నడకల్లో అమర్చే వీఎస్‌టీ ప్లగిన్. సీ ప్లస్ ప్లస్, జ్యూస్. బ్లాక్ లోపల కొలత దాకా కచ్చితమైన సమయం. ప్లగిన్‌వాల్ పరీక్ష పాసైంది. ఒగ్గు డోలు బృందంతో, వారి అనుమతితో ప్రయత్నించాం' అని రాయండి. కింద కోడ్ లింకు, వీడియో లింకు. ఇందులో ఒక్క మాట కూడా నిజం కానిది ఉండకూడదు, ఎందుకంటే ప్రతి మాట మీదా ప్రశ్న వస్తుంది.

ఈ వారాంతం చేయాల్సింది చిన్న పనే. రీపర్ ట్రయల్ దించుకోండి. ఒక కాగితం మీద 12 గడులు గీసి, మీకు బాగా తెలిసిన ఒక దరువులో దెబ్బ ఎక్కడెక్కడ పడుతుందో చుక్కలు పెట్టండి. తర్వాత అదే దరువును 16 గడుల్లో పెట్టి చూడండి. ఎక్కడ ఇమడటం లేదో తెలిసిన క్షణం నుంచి మీ ప్రాజెక్టు మొదలైనట్టే.